ఉన్నికి ఎంజైమ్ పట్టించడం తేలిక, ఆపడమే అసలు పని

విశాఖలో కూర్చుని ఉన్ని గురించి రాస్తే నవ్వుతారని తెలుసు, ఈ ఉక్కపోతలో స్వెటర్ ఎవరికి కావాలి అని. కానీ అరకు, లంబసింగి ప్రయాణాల పుణ్యమా అని మన ఇళ్లలో బీరువా అడుగున ఒకటో రెండో ఉన్ని బట్టలు ఉండనే ఉంటాయి. చేత్తో అల్లి ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. వీళ్లందరి బాధా ఒకటే: పొరపాటున వాషింగ్ మెషీన్‌లో పడిందా, పెద్దవాళ్ల స్వెటర్ పిల్లాడి సైజుకి వచ్చేస్తుంది. క్లోరిన్ జోలికి పోకుండా దీన్ని తగ్గించుకోవడం ఎలాగో, వంద గ్రాముల నూలుతో చిన్నగా ప్రయత్నించాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు సంగతేమిటో చూద్దాం. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కిన పొరలుంటాయి. తడిసి, వేడెక్కి, రాపిడి పడితే పోగులు ఒకే వైపుకి జరుగుతాయి, పొలుసులు అడ్డం పడటంతో మళ్లీ వెనక్కి రాలేవు, అలా అట్టకట్టేస్తుంది. మిల్లుల్లో ఎప్పటి నుంచో చేసేదేమిటంటే క్లోరిన్‌తో ఆ పొలుసుల పదును తీసేసి, పైన పలచగా రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూత పూయడం. ఫలితం బాగుంటుంది, కాదనలేం, కానీ కాలువలోకి పోయే నీళ్లలో క్లోరిన్ కలిసిన సేంద్రియ పదార్థాలు మిగులుతాయి, అవి ఒక పట్టాన విరగవు. దానికి బదులు ప్రోటీన్‌ని విరగ్గొట్టే ప్రోటియేజ్ అనే ఎంజైమ్ వాడితే పొలుసుల అంచుల్ని అదే కొరికి నున్నగా చేస్తుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. చాలా డిటర్జెంట్ పొడుల్లో ఉండేదీ ఈ ప్రోటియేజే, అందుకే ప్యాకెట్ వెనక ఉన్ని, పట్టు బట్టలకు వాడొద్దని రాస్తారు. ఉన్ని మొత్తం కెరాటిన్ అనే ప్రోటీనే కదా, ఎంజైమ్‌కి పైపొర ఏదో లోపలి గుజ్జు ఏదో తేడా తెలియదు. పైగా పొలుసు గట్టిగా ఉంటుంది, పొలుసుల మధ్య సందు మెత్తగా ఉంటుంది, కాబట్టి అది సందులోంచే లోపలికి దూరిపోయి పోగు బలాన్ని తినేస్తుంది. ఎంజైమ్‌ని పాలిమర్ అనే పొడవాటి గొలుసులాంటి పెద్ద అణువుకి అతికించి లోపలికి దూరకుండా చేసే పద్ధతుల మీద పరిశోధనలు చాలానే జరిగాయి, కానీ మనలాంటి వాళ్ల చేతిలో ఉన్నవి మోతాదు, సమయం, ఆపే పద్ధతి, ఈ మూడే.

మొదలుపెట్టే ముందు అది నిజంగా ఉన్నేనా అని చూసుకోండి. చలికాలంలో రోడ్డు పక్కన చవగ్గా దొరికే స్వెటర్లలో యాక్రిలిక్ అనే కృత్రిమ నూలు చాలా ఉంటుంది. ఒక పోగు కాల్చండి: జుట్టు కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే ఉన్ని, కరిగి గట్టి ఉండ కడితే యాక్రిలిక్. అలాగే గొంగళి జోలికి పోకండి. అది అట్టకట్టి దట్టంగా ఉండటం వల్లే వానని ఆపుతుంది, దాని గొప్పే అది. ఈ పని మెరినో జాతి గొర్రెల ఉన్ని లాంటి సన్నని ఉన్నికి.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. స్టీలు గిన్నె (ఇనుము, రాగి వద్దు, వాటి వల్ల పెరాక్సైడ్ అదుపు తప్పి విరిగిపోతుంది, తుప్పు తగిలిన చోట ఉన్నికి చిల్లులు పడతాయి), థర్మామీటర్, పీహెచ్ కాగితాలు (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతుందో చూపించేవి, 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం), గ్రాములో పదోవంతు వరకు చూపించే కాటా, వంటసోడా, వెనిగర్. ఎంజైమ్ మాత్రం బట్టల ఫినిషింగ్‌కి అమ్మే ఆల్కలైన్ (క్షార నీళ్లలో పనిచేసే) ప్రోటియేజ్ ద్రవం తీసుకోండి. పొడి వద్దు, దాని ధూళి పీల్చితే ఆస్తమా, ఎలర్జీ పట్టుకునే ప్రమాదం ఉంది. ద్రవమైనా చేతులకి గ్లవ్స్ ఉండాల్సిందే, మన చర్మమూ ప్రోటీనే.

నూలుకి నూనె, జిడ్డు ఉంటే ముందు గోరువెచ్చని నీళ్లలో ఎంజైమ్ లేని మెత్తని లిక్విడ్ డిటర్జెంట్‌తో నానబెట్టి తీసేయండి, రుద్దకుండా. తర్వాత ఆరబెట్టి బరువు చూడాలి, ఇక్కడే విశాఖ గాలి మనల్ని మోసం చేస్తుంది. ఉన్ని తన పొడి బరువులో దాదాపు మూడోవంతు దాకా తేమ పీల్చుకోగలదు, మనం కొలవబోయే తేడా, అంటే ఎంజైమ్ తినేసిన బరువు, చూస్తే రెండు మూడు శాతం. పొద్దున సముద్రపు గాలిలో ఒకసారి, మధ్యాహ్నం ఏసీ గదిలో ఒకసారి తూచితే ఆ లెక్కకి అర్థమే ఉండదు. అందుకని ఏమీ చేయని ఇంకో చిన్న కట్టని పక్కనే పెట్టుకుని రెండింటినీ ఒకే గదిలో, ఒకే సమయంలో తూచండి. చేయని కట్ట బరువు ఎంత మారిందో చూసి, ఆ మేరకు రెండోదాని లెక్క సరిచేసుకోవచ్చు.

ఉన్ని పైపొర మీద సహజంగా ఒక కొవ్వు పూత ఉంటుంది, అది నీళ్లని, ఎంజైమ్‌ని దగ్గరికి రానివ్వదు. దాన్ని కొంత తీయడానికి పెరాక్సైడ్: వంద గ్రాములకి మూడు లీటర్ల నీళ్లు, లీటరుకి 20 మిల్లీలీటర్ల చొప్పున 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, పీహెచ్ 8.5 దాటకుండా వంటసోడా, 50 డిగ్రీల దగ్గర ఒక గంట. ఆ గాఢతలో పెరాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి, వెనిగర్‌ని దాని దగ్గరికి తేకండి. రంగు వేసిన నూలైతే కాస్త వెలుస్తుంది, కాబట్టి రంగు వేయని దానితోనే మొదలుపెట్టడం మేలు. అయ్యాక బాగా జాడించాలి. పెరాక్సైడ్ మిగిలితే తర్వాత వేసే ఎంజైమ్‌ని చంపేస్తుంది. కెటలేజ్ అనే ఇంకో ఎంజైమ్ దొరికితే కొంచెం వేయండి, మిగిలిన పెరాక్సైడ్‌ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తుంది.

ఇప్పుడు అసలు పని, నూలుని ఎంజైమ్ నీళ్లలో ముంచడం. మళ్లీ మూడు లీటర్ల నీళ్లు, 15 గ్రాముల వంటసోడా, పీహెచ్ 8 పైచిలుకు వస్తుంది. 50 డిగ్రీలకి తెచ్చి, ఉన్ని బరువులో ఒక శాతం ఎంజైమ్, అంటే ఒక గ్రాము, కలిపి తడి నూలు వేయండి. గరిటె పెట్టి గిరగిరా తిప్పొద్దు, అట్టకట్టకూడదనే కదా ఈ తంటా అంతా, అప్పుడప్పుడు నెమ్మదిగా పైకీ కిందకీ తిప్పితే చాలు. వేడికి వంటసోడాలోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ మెల్లగా పెరుగుతుంది, మధ్యలో చూసుకోండి, 9 దాటితే క్షారమే ఉన్నిని పాడు చేస్తుంది. పది నిమిషాలకొకసారి ఒక చిన్న నూలు ముక్క తీసి, అందులో ఎంజైమ్‌ని విడిగా ఆపి (ఎలాగో కింద చెప్తాను), ట్యాగ్ కట్టి దాచుకోండి. నలభై నిమిషాలు మించి మొదటిసారి వెళ్లొద్దు. ఎంజైమ్ బలం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి నేను చెప్పిన అంకెలు మొదలుపెట్టడానికే, మీ అంకె మీ ట్యాగులు చెప్పాలి.

ఆపడం అంటే నీళ్లు పారబోసి జాడించడం కాదు. పోగులోకి దూరిన ఎంజైమ్ అక్కడే ఉండి పని చేస్తూనే ఉంటుంది, ఎండలో తడిగా వేలాడుతున్నంతసేపూ కూడా. వెనిగర్ పోసి పీహెచ్‌ని 4 దగ్గరికి దించండి, తర్వాత నూలుని కదపకుండా నెమ్మదిగా 80 డిగ్రీలకి తెచ్చి పది నిమిషాలు ఉంచండి. ఆమ్లంతో కొంత, వేడితో మిగతా అంతా ఆగిపోతుంది. చల్లారేది కూడా గిన్నెలోనే, దానంతటది చల్లారాలి, వేడి నూలుని చన్నీళ్లలో ముంచితే అట్టకట్టే ప్రమాదం ఉంది. ఈ దశని చాలామంది తొందరలో వదిలేస్తారు, నెల తర్వాత స్వెటర్ మోచేతి దగ్గర పిగిలితే నూలుది తప్పంటారు.

ఆరాక బరువు రెండు మూడు శాతం తగ్గితే సంతోషించండి. ఐదు దాటితే ఎంత మెత్తగా ఉన్నా వద్దు. చేసిన పోగుని, చేయని పోగుని తడిపి చేత్తో లాగి చూడండి, తేడా వేళ్లకే తెలుస్తుంది. తర్వాత రెండింటితో ఒకే సైజు చదరపు ముక్కలు అల్లి, 40 డిగ్రీల వాష్‌లో మామూలు బట్టలతో కలిపి కొన్నిసార్లు ఉతికి స్కేలుతో కొలవండి. నిజం చెప్పాలంటే క్లోరిన్, రెజిన్ పద్ధతి అంత గట్టి ఫలితం ఎంజైమ్ ఒక్కదానితో రాదు. చేత్తో ఉతికేవాటికీ, మెషీన్‌లో జెంటిల్ సైకిల్‌కీ సరిపోతుంది. అమ్మేటప్పుడు మెషీన్ వాష్ అని ధైర్యంగా లేబుల్ వేయాలంటే మాత్రం ల్యాబ్‌లో పరీక్ష చేయించాల్సిందే.

రంగు వేస్తే ఇంకో సంగతి, పొర పలచబడింది కాబట్టి రంగు వేగంగా పట్టేసి మచ్చలు మచ్చలుగా వస్తుంది. మామూలుకన్నా తక్కువ వేడిలో మొదలుపెట్టి, మెల్లగా పెంచండి.

చివరగా ఆ నీళ్లు. క్లోరిన్ లేదు కదా అని నేరుగా గెడ్డలోకి వదిలేయకండి. కరిగిన ప్రోటీన్, నత్రజని ఉంటాయి, కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ని లాగేస్తాయి. సోడియం ఉంటుంది కనుక కుండీ మొక్కలకీ మంచిది కాదు. వంద గ్రాముల పనికి వచ్చేవి కొద్దిపాటి నీళ్లే, పీహెచ్ 7 దగ్గరికి సరిచేసి ఇంటి డ్రైనేజీలోకి పోయవచ్చు. రోజూ కిలోల లెక్కన చేయాలనుకుంటే శుద్ధి చేసే ట్యాంకు ఖర్చు ముందే లెక్కలో రాసుకోండి. మిగిలిన ఎంజైమ్ సీసా మన ఎండలకి బయట ఉంటే బలం పోతుంది, మూత గట్టిగా బిగించి, పేరు పెద్ద అక్షరాలతో రాసి, తినే వస్తువులకి దూరంగా ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.