హెడ్ కదిలే సేఫ్టీ రేజర్: మంట, గాట్లు, పట్టేసిన హెడ్ - ఏ సమస్యకు ఏం చేయాలి

మామూలు సేఫ్టీ రేజర్‌లో బ్లేడు చర్మానికి ఏ కోణంలో తగలాలన్నది మన మణికట్టే చూసుకోవాలి. సుమారు 30 డిగ్రీలు అని చెబుతుంటారు. దవడ దగ్గర చెంప మలుపు తిరిగే చోట చెయ్యి కూడా తిరగాలి, లేకపోతే గాటు పడుతుంది. హెడ్ కదిలే రేజర్‌లో ఆ పని హెడ్‌కి అప్పగించారు. బ్లేడుకు ముందుండే అంచు (గార్డు), వెనకుండే పైమూత అంచు (క్యాప్) రెండూ చర్మాన్ని ఆనుకుంటే చాలు, మధ్యలో ఉన్న బ్లేడుకు సరైన కోణం దానంతటదే కుదురుతుంది.

అయితే హెడ్ చూసుకునేది కోణాన్ని మాత్రమే. ఒత్తిడిని తగ్గించడం దాని పని కాదు. గట్టిగా నొక్కితే హెడ్ ఎంత బాగా కదిలినా చర్మం లేచిపోతుంది. ఇలాంటి రేజర్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం మూడింటిలో ఒకటి: హెడ్ కదలలేకపోవడం, బ్లేడు సరిగ్గా కూర్చోకపోవడం, హెడ్ చేయాల్సిన పనిని చెయ్యి కూడా చేయబోవడం. ఎక్కువమంది చేసేది మాత్రం నేరుగా బ్లేడు కంపెనీ మార్చడం. ఆ పని చివర్లో చేయొచ్చు.

ముందుగా ఒక చిన్న పరీక్ష

బ్లేడు తీసేసి, పిడి పట్టుకుని, హెడ్‌ను వేలితో చివరిదాకా వంచి వదిలేయండి. ఒక్కసారిగా వెనక్కి వచ్చి మొదటి చోటే ఆగిందా, సరే. మెల్లగా వచ్చినా, దారిలో ఆగిపోయినా, హెడ్ పిడికి కలిసి ఊగే చోట, అంటే కీలులో ఏదో అడ్డుంది. ఇప్పుడు హెడ్ రెండు చివర్లూ పట్టుకుని కుడికి, ఎడమకు మెలిపెట్టి చూడండి. హెడ్ ముందుకీ వెనక్కీ ఊగాలి గానీ, పక్కలకు ఆడకూడదు. బందులు వదులైన తలుపులా పక్కలకు కదులుతోందంటే కీలు పిన్ను గానీ, పిన్ను దూరే రంధ్రం గానీ అరిగిపోయింది. దానికి ఇంట్లో మరమ్మతు లేదు, ఆ భాగం మార్చాల్సిందే. పిన్నును సుత్తితో కొట్టి బిగిస్తే హెడ్ ఓ పక్కకు ఒరిగి, రేజర్‌ను లాగే ప్రతి గీతలోనూ ఒక చివర చర్మంలోకి దిగుతుంది.

హెడ్ పట్టేసింది, లేదా నెమ్మదిగా వెనక్కి వస్తోంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెట్టుగా మారుతుంది. అది కీలు సందుల్లో చేరి, ఆరి, వెంట్రుక ముక్కలతో కలిసి గట్టిపడుతుంది. పిన్ను చుట్టూ తెల్లటి ఉంగరంలా కనిపిస్తే అదే.

బ్లేడు తీసి, హెడ్‌ను గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టండి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, పాత టూత్‌బ్రష్‌తో కీలు రెండు వైపులా రుద్దుతూ హెడ్‌ను ఊపుతుండండి. ఊపకుండా పైపైన రుద్దితే లోపలిది కదలదు. అప్పటికీ తెల్లపొర పోకపోతే నీళ్లు కలిపిన వెనిగర్ పనిచేస్తుంది, కానీ స్టెయిన్‌లెస్ స్టీలు రేజర్‌కే అది నిశ్చింత. చాలా రేజర్లు జింకు మిశ్రమం మీద క్రోమ్ పూత వేసినవి. ఆ పూత ఎక్కడైనా లేచి ఉంటే వెనిగర్ అక్కడినుంచి లోపలి లోహాన్ని తినేస్తుంది. అల్యూమినియం రేజర్‌కూ వద్దు. బ్లీచ్ దేనికీ వద్దు.

బాగా ఆరాక పిన్ను దగ్గర ఒకే ఒక్క చుక్క మినరల్ ఆయిల్ వేయండి, కుట్టుమిషన్‌కి వాడేది సరిపోతుంది. వంటనూనె వేయకండి, కొన్నాళ్లకు అదే జిగురై మళ్లీ పట్టేస్తుంది.

హెడ్‌ను వెనక్కి తెచ్చే స్ప్రింగ్ బలం తగ్గడం వేరే సంగతి. హెడ్ తేలిగ్గానే కదులుతుంది, కానీ వెనక్కి రాదు, వచ్చినా బలం లేకుండా వస్తుంది. పట్టకారుతో స్ప్రింగ్‌ను వంచి సరిచేద్దామనిపిస్తుంది. వద్దు. కాస్త ఎక్కువ వంగినా హెడ్ బిర్రబిగుసుకుపోతుంది, అప్పుడు కదిలే హెడ్ ఉండీ ఉపయోగం లేదు.

గీత మొదట్లో బాగుంటుంది, చివరికొచ్చేసరికి గీకుతుంది

దీన్ని కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఇది రేజర్ నిర్మాణంలోనే ఉన్న ఇబ్బంది. రేజర్‌ను లాగుతున్నప్పుడు వెంట్రుకలు, చర్మం కలిసి బ్లేడును వెనక్కి లాగుతాయి. ఆ లాగుడు చర్మం మట్టంలో ఉంటుంది. కీలు మాత్రం దానికి పైన ఉంటుంది. అడ్డు పెరిగేకొద్దీ హెడ్ కీలు చుట్టూ ముందుకు తిరగబోతుంది: గార్డు చర్మంలోకి దిగుతుంది, క్యాప్ పైకి లేస్తుంది, బ్లేడు నిలువై గీకడం మొదలవుతుంది. స్ప్రింగ్ కొంతవరకు ఆపుతుంది, ఆ తర్వాత దానివల్లా కాదు.

రేజర్లు చేసేవాళ్లు దీనితో చాలాకాలం కుస్తీ పట్టారు. 1977లో జిల్లెట్ కంపెనీ అట్రా రేజర్‌తో కదిలే హెడ్ మార్కెట్లోకి వచ్చింది. 1998లో వచ్చిన అదే కంపెనీ మాక్3 రేజర్‌లో కీలును ముందుకు జరిపారు. అలా జరిపితే చేతి బరువులో ఎక్కువ భాగం గార్డు మీద పడి, బ్లేడ్ల మీద తగ్గుతుంది. కీలు చర్మానికి ఎంత దగ్గరగా ఉంటే హెడ్ ముందుకు ఒరగడం అంత తగ్గుతుంది. మామూలు బ్లేడు వాడే లోహపు రేజర్లలో ఇది ఇంకా కష్టం. బ్లేడును పట్టి ఉంచే బిగింపుకే చాలా చోటు కావాలి కాబట్టి కీలు పైకి పోతుంది. కొత్త రేజర్ కొనేటప్పుడు నేనైతే బ్లేడ్ల సంఖ్య కన్నా ముందు హెడ్‌ను పక్కనుంచి చూస్తాను. బ్లేడు అంచుకూ కీలుకూ మధ్య ఎత్తు ఎంత తక్కువైతే అంత మేలు.

ఉన్న రేజర్‌తోనే నెట్టుకురావాలంటే అడ్డు తగ్గించడమే మార్గం. గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీళ్లతో తడపండి, వెంట్రుక నీరు పీల్చుకుని మెత్తబడుతుంది. నురగ ఆరిపోయిన చోట మళ్లీ రాయండి. గీతలు చిన్నవిగా వేయండి. రెండో చేత్తో చర్మాన్ని వెనక్కి లాగి పట్టుకోండి, గార్డు దిగబడటానికి మడత దొరకదు.

హెడ్‌లో ఒక చివరే గాట్లు పడుతున్నాయి

చర్మాన్ని కాదు, బ్లేడును చూడండి. రేజర్‌ను దీపం కాంతికి ఎదురుగా పెట్టి, ఒక కన్ను మూసి, హెడ్ పొడవునా బ్లేడు అంచు వెంబడి చూస్తే సన్నని మెరుపుగీత కనిపిస్తుంది. అది గార్డుకు సమాంతరంగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే దూరంలో ఉండాలి. ఒక వైపు పైకి వచ్చిందంటే గాట్లు ఆ వైపే.

సాధారణ బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. గడ్డం వెంట్రుక మందమూ ఇంచుమించు అంతే. అంటే బ్లేడు కింద ఒక్క వెంట్రుక ముక్క ఇరుక్కున్నా ఆ చివర బ్లేడు తన మందమంత పైకి లేస్తుంది. అయస్కాంతంతో బ్లేడును పట్టి ఉంచే రకాల్లో ఇది మరీ ఎక్కువ. కొత్త బ్లేడు పెట్టే ముందు కూర్చునే చోటును బ్రష్‌తో తుడిచి, కడిగి, ఆ తర్వాతే పెట్టండి.

సగం బ్లేడు వాడే రేజరైతే బ్లేడును విరవడంలోనూ తేడా రావొచ్చు. కాగితం పొట్లంలోంచి తీయకుండానే, రెండు పదును అంచులూ ఒకదాని దగ్గరికి ఒకటి వచ్చేలా పొడవునా మడవండి. టప్‌మని మధ్యలో రెండుగా విరుగుతుంది. కాగితంలో ఉంటే వేళ్లూ భద్రం, విరుపూ నేరుగా వస్తుంది. విరిగిన వైపు ఎక్కడైనా మొన తేలితే ఆ ముక్క వాడకండి.

వెంట్రుకను కోయకుండా పీకుతోంది, లేదా బ్లేడు అదురుతోంది

ఇక్కడ తికమక పడే విషయం ఒకటుంది. వంగాల్సింది హెడ్, బ్లేడు కాదు. పలుచని రేకు దానంతటది నిటారుగా నిలబడదు. 1904లో జిల్లెట్ కంపెనీ స్థాపకుడు కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు పేటెంటు వచ్చిన రేజర్‌లోనే దీనికి ఉపాయం ఉంది: బ్లేడును వంపుగా బిగిస్తే రేకు బిగువెక్కుతుంది. కదిలే హెడ్‌లో చాలాసార్లు సగం బ్లేడును చదునుగా పడుకోబెడతారు, కాబట్టి ఆ వంపు బలం పోతుంది. అంచుకు దగ్గరగా కింద ఆసరా ఉంటేనే బ్లేడు అదరకుండా ఉంటుంది. బిగింపు స్క్రూ ఉంటే దాన్ని పూర్తిగా బిగించారో లేదో చూడండి. బిగించినా అదురుతోందంటే కాస్త గట్టి బ్లేడు రకం ప్రయత్నించండి. చివర్లో చేయొచ్చన్న బ్లేడు మార్పుకు చోటు ఇదే.

అదురు లేకుండా పీకుతోందంటే బ్లేడు అయిపోయినట్టే. ఉక్కుకన్నా సుమారు 50 రెట్లు మెత్తనైన వెంట్రుక బ్లేడును ఎలా పాడుచేస్తుందని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరిశీలించి 2020లో ప్రచురించారు. అంచు సమంగా అరగడం కాదు, వెంట్రుక వంగినప్పుడు అంచు నుంచి సూక్ష్మమైన పెచ్చులు ఊడతాయని తేలింది. గడ్డాన్ని నానబెట్టడం చర్మం కోసమే కాదు, బ్లేడుకూ మంచిదే. కడిగాక బ్లేడు అంచును గుడ్డతో తుడవకండి, పదును మీది పలుచని పూత పోతుంది. విదిలించి ఆరనిస్తే చాలు.

నురగ బ్లేడ్ల మధ్య కూరుకుపోతోంది

రెండు మూడు బ్లేడ్లు దగ్గరదగ్గరగా ఉంటే, వారం పెరిగిన గడ్డానికి ఇది తప్పదు. నీటిధారను ముందునుంచి కాకుండా హెడ్ వెనకవైపు నుంచి పట్టండి. బ్లేడ్లు విడిగా తీసే వీలుంటే మొదటి విడత ఒక్క బ్లేడుతోనే లాగించండి. సింకు అంచుకేసి కొట్టకండి, కీలు పాడయ్యేది ఎక్కువగా అలాగే.

ముక్కు కింద, దవడ మూలలో వెంట్రుకలు మిగిలిపోతున్నాయి

దవడ మూలలో మిగలడానికి కారణం చాలావరకు చేతి అలవాటు. హెడ్ తిరుగుతుండగా మణికట్టు కూడా తిప్పితే రెండూ కలిసి ఎక్కువై, క్యాప్ ఒక్కటే చర్మాన్ని తాకుతుంది, బ్లేడు గాలిలో ఉంటుంది. మణికట్టును నిలకడగా ఉంచి, పిడిని తిన్నగా కిందికి తీసుకురండి.

ముక్కు కింద మాత్రం తప్పు మీది కాదు. అక్కడ హెడ్ ఊగడానికి చోటే ఉండదు. పై పెదవిని పళ్ల మీదికి బిగించి, బొటనవేలితో హెడ్‌ను కదలకుండా ఆపి, రెండు పొట్టి గీతల్లో ముగించండి. కుదరకపోతే ఆ ఒక్క చోటుకు కదలని హెడ్ రేజర్ వాడటమే సుఖం.

గొంతు మీద పొక్కులు, లోపలికి పెరిగే వెంట్రుకలు

ఒకటికి మించి బ్లేడ్లుంటే మొదటిది వెంట్రుకను కొద్దిగా పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోగా తర్వాతిది కోస్తుంది. కొన చర్మం కిందికి పోతుంది. నున్నగా అనిపిస్తుంది నిజమే, కానీ ఉంగరాల వెంట్రుక పెరిగేటప్పుడు పక్కకు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. దీనికి హెడ్ కదలడంతో సంబంధం లేదు. గొంతు మీద ఒక్క బ్లేడే ఉంచి, వెంట్రుక వాలు వెంబడే, ఒకే విడత గీయండి. వాలు తెలియాలంటే గొంతును అరచేత్తో నాలుగు దిక్కులా నిమిరి చూడండి, గరుకు తగలని దిక్కే వాలు. గొంతుకు రెండు పక్కలా వాలు వేరువేరుగా ఉండటం మామూలే. పొక్కులు తగ్గేదాకా అక్కడ గడ్డం గీయకుండా వదిలేయండి. చీము పడితే చర్మవైద్యుడికి చూపించండి.