గోష్ఠిగానం నడిపించడం – 4వ పాఠం: బృందానికి తగిన శ్రుతి

పల్లవిని అందరూ ఒకేసారి ఎత్తుకునేలా చేతితో సూచన ఇవ్వడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈ పాఠం పూర్తిగా శ్రుతి గురించి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు గురించి. ధనుర్మాసం దగ్గరపడుతుంటే తిరుపతిలో సిద్ధమయ్యే సంకీర్తన బృందాలలో గృహిణులు, ఉద్యోగులు, విశ్రాంత ఉపాధ్యాయులు, బడిపిల్లలు కలిసి పాడతారు. సంగీతం నేర్చుకున్నవారు కొద్దిమందే ఉంటారు. ఇటువంటి బృందంలో పాట చెడిందంటే, నడిపించేవారు తమ గొంతుకు అలవాటైన శ్రుతిలోనే అందరినీ పాడించడం చాలాసార్లు దానికి కారణమవుతుంది.

సాధారణంగా పురుషులకు ఒకటి, ఒకటిన్నర శ్రుతి, స్త్రీలకు ఐదు, ఐదున్నర శ్రుతి సుఖంగా ఉంటాయి (అంకె పెరిగేకొద్దీ శ్రుతి ఎత్తవుతుంది). మధ్యేమార్గంగా మూడు శ్రుతి పెట్టుకుంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుందని తోస్తుంది గానీ, ఆచరణలో పై షడ్జమం (పైస్థాయి ‘స’) దాటగానే పురుషుల గొంతు బిగుసుకుపోతుంది, మంద్రస్థాయికి (కింది స్థాయికి) దిగేసరికి స్త్రీల గొంతులో నాదం పోయి గాలి మాత్రమే మిగులుతుంది. అందువల్ల బృందంలో ఎవరు ఎక్కువమంది ఉన్నారో చూసి, వారికి అనువైన శ్రుతిని ఎంచుకుని, రెండో వర్గానికి పాటలో తగిన భాగాన్ని అప్పగించడమే మేలని నా అభిప్రాయం. స్త్రీలు ఎక్కువగా ఉంటే నాలుగున్నర పెట్టి, ఎత్తైన చరణాలను వారికి వదిలి, పల్లవి తిరిగి వచ్చినప్పుడు పురుషులను కలవమనవచ్చు.

శ్రుతిని పరీక్షించేటప్పుడు పల్లవితో మొదలుపెట్టకండి. మోహన రాగంలోని ఒక సంకీర్తనలో పల్లవి మధ్యస్థాయిలోనే తిరిగి, చరణం తారస్థాయి గాంధారాన్ని (పైస్థాయి ‘గ’ను) తాకుతుందనుకుందాం. ముందుగా ఆ చరణంలోని ఎత్తైన పాదాన్నే పాడించి, వెనుక వరుసలో ఉన్నవారిని గమనించండి. గడ్డం పైకెత్తడం, భుజాలు బిగించడం, పెదవులు కదుపుతూ స్వరం వదలకపోవడం కనిపిస్తే అర శ్రుతి తగ్గించండి. శ్రుతి అందడం లేదని నోరు తెరిచి చెప్పేవారు అరుదు, ముఖ్యంగా పెద్దవారు మొహమాటంతో ఊరుకుంటారు. కనుక వారు అడిగేదాకా ఆగకూడదు. ఆ తరువాత అన్నిటికంటే కింది స్వరం ఉన్న పాదాన్ని కూడా ఇలాగే పరీక్షించాలి.

గోవిందరాజస్వామి ఆలయ మాడవీధులలో తెల్లవారుజామున నడుస్తూ పాడవలసి వచ్చినప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. నిద్రలేచిన వెంటనే గొంతు పైస్థాయికి తేలికగా తెరుచుకోదు, నడకలో ఊపిరి కూడా నిలవదు. సాయంత్రం ఐదు శ్రుతిలో సాధన చేసిన పాటను అప్పుడు నాలుగున్నరకు దించండి, దీర్ఘాక్షరాల దగ్గర ఊపిరి తీసుకునే చోట్లను ముందే నిర్ణయించండి. చివరి సాధనలలో ఒకటైనా తెల్లవారుజామున పెట్టుకోవడం అవసరం. శ్రుతిపెట్టె నాదం తాళాల మోతలో మునిగిపోతుంది కాబట్టి, స్థిరంగా పాడగలిగినవారిని వరుసల మధ్యలో నడిపించండి.

బిగ్గరగా పాడే ఒక్క గొంతు మిగిలినవారి శ్రుతిని పైకి లాగడం కూడా తరచూ జరుగుతుంది. అందరి ముందూ ఆ మాట అనవద్దు. ఎంతో ప్రేమతో వచ్చి పాడేవారిని నొప్పించడం తగదు. సాధన ముగిశాక పక్కకు పిలిచి, పక్కనున్నవారి గొంతు తమకు వినిపించేంత మెల్లగా పాడమని కోరండి.

ఈ వారం అభ్యాసంగా మీ బృందం పాడే మూడు సంకీర్తనలను తీసుకుని, ఒక్కొక్కదానిలో పై స్వరాన్ని, కింది స్వరాన్ని గుర్తించి, సాయంత్రం ఏ శ్రుతి, తెల్లవారుజామున ఏ శ్రుతి అన్నది పుస్తకంలో రాసుకోండి. పాడుతూ పాడుతూ కాలప్రమాణం (పాట వేగం) పెరిగిపోవడాన్ని అరికట్టే పద్ధతిని 5వ పాఠంలో చూద్దాం.