8×57 మౌజర్ తూటాకి లోడ్ డేటా ఎలా వెతకాలి?

టెక్సాస్‌లో మనవాళ్లు కొందరు జింకల వేటకీ, అడవిపందుల వేటకీ పాత మౌజర్ రైఫిళ్లు కొంటున్నారు. రైఫిల్ గట్టిదే, గురి కూడా బాగుంటుంది. తూటాలతోనే ఇబ్బంది. ఏ షాపుకి వెళ్లినా .308, .30-06, 6.5 క్రీడ్‌మూర్ అరల నిండా ఉంటాయి. 8 ఎం.ఎం. మౌజర్, అంటే ఈ 8×57 తూటా, అడిగితే ఒకటో రెండో డబ్బాలు, అవీ ఒకే రకం. అందుకని సొంతంగా తూటాలు నింపుకోవడం మొదలుపెడతారు. ఏ ప్రెస్సు (తూటాని నొక్కి బిగించే యంత్రం) కొనాలి, ఏ డైలు (అందులో పెట్టే అచ్చులు) కొనాలి అని వారాల తరబడి ఆలోచిస్తారు. ఎంత తుపాకీ మందు పోయాలన్నది (లోడ్ డేటా అంటే ఇదే) మాత్రం ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి పోసేస్తారు. ఇది చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను.

ఈ వ్యాసంలో మందుకి ఒక్క తూకం కూడా ఇవ్వను. ఆ అంకె మీ బుల్లెట్‌కి (తూటా కొసన ఉండే గుండు), మీ కేస్‌కి (మందు పోసే ఇత్తడి గొట్టం), మీ రైఫిల్‌కి సరిపోయేలా ప్రచురించిన డేటాలోంచి మీరే తీసుకోవాలి. ఎలా తీసుకోవాలో మాత్రమే చెబుతాను.

ఇంకో మాట. ఇదంతా అమెరికాలో చట్టబద్ధంగా తుపాకీ ఉన్నవాళ్ల కోసం. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి మినహాయింపులు ఉన్నాయి, ముందు అది తేల్చుకోండి. ఇండియాలో ఉన్నవాళ్లు దీని జోలికే వెళ్లొద్దు. అక్కడ వేటకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు, లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం ఆయుధ చట్టం కింద నేరం.

సామాను

ప్రెస్సు, 8×57 డైలు, క్యాలిపర్, మైక్రోమీటర్, త్రాసు, క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచేది). ఏ కంపెనీదైనా పర్వాలేదు. త్రాసు మాత్రం బీమ్ త్రాసే కొనండి. ఎలక్ట్రానిక్ త్రాసు ఫ్యాన్ గాలికి, గదిలో వేడికి అంకె మార్చేస్తుంది, మార్చినట్టు మీకు తెలియదు కూడా. క్రోనోగ్రాఫ్ లేకుండా ఈ తూటా మొదలుపెట్టకండి, ఎందుకో కింద చెబుతాను. బల్ల మీద ఒకసారికి ఒకే మందు డబ్బా ఉండాలి. రెండోది అల్మారాలో పెట్టండి.

మొదట బ్యారెల్ కొలవండి

8 ఎం.ఎం. మౌజర్ పేరుతో రెండు రకాల బ్యారెళ్లు ఉన్నాయి. 1888 నాటి జర్మన్ కమిషన్ రైఫిల్ కోసం పుట్టిన తూటాలో బుల్లెట్ వ్యాసం .318 అంగుళాలు. 1905 నాటికి జర్మన్ సైన్యం .323 అంగుళాల కొత్త బుల్లెట్‌కి మారింది. ఈరోజు షాపులో 8 ఎం.ఎం. రైఫిల్ బుల్లెట్ అంటే దాదాపు ఎప్పుడూ .323దే. వేట రైఫిళ్లలో మాత్రం ఆ పాత .318 బ్యారెల్ తర్వాత కూడా చాలా ఏళ్లు కొనసాగింది. సన్నటి బ్యారెల్లోకి లావు బుల్లెట్‌ని తోస్తే ప్రెజర్ ప్రమాదకరంగా పెరుగుతుంది.

బ్యారెల్ మీద ముద్రలు చూసి ఊహించుకోవద్దు. మెత్తటి స్వచ్ఛమైన సీసం గుండు తీసుకుని, కొంచెం నూనె రాసి, ఇత్తడి కడ్డీతో మెల్లగా బ్యారెల్ గుండా దాటించండి. బయటికొచ్చిన ముక్క మీద గాడుల గుర్తులు ఎత్తుగా కనిపిస్తాయి. ఎదురెదురు ఎత్తుల మధ్య దూరాన్ని మైక్రోమీటర్‌తో కొలవండి. మౌజర్లలో సాధారణంగా నాలుగు గాడులు కాబట్టి కొలత తేలిక. .323 దగ్గర వస్తే ముందుకెళ్లండి. లేకపోతే ఆగి గన్‌స్మిత్‌కి చూపించండి. హెడ్‌స్పేస్ (తూటా వెనక, దాన్ని బంధించే బోల్ట్ దగ్గర ఉండే ఖాళీ) కూడా అప్పుడే చూపించేయండి.

అసలు కష్టం ఇక్కడ: పుస్తకాలు ఒకదానితో ఒకటి కలవవు

.308కి నాలుగు లోడ్ డేటా పుస్తకాలు తెరిస్తే నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటాయి. 8×57కి అలా కాదు. ఒక పుస్తకంలో గరిష్ఠమని రాసిన మోతాదు ఇంకో పుస్తకంలో ప్రారంభ మోతాదు కంటే తక్కువ ఉండొచ్చు. ఇది చూసిన కొత్తవాళ్లు, మొదటి పుస్తకం వాళ్లది అతి భయం అనుకుని రెండోదానికి వెళ్లిపోతారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

అమెరికాలో తూటాల ప్రమాణాలు ఖరారు చేసే సంస్థ సామీ. అది 8 ఎం.ఎం. మౌజర్‌కి పెట్టిన ప్రెజర్ హద్దు 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). యూరప్‌లో ఆ పని చేసే సీఐపీ ఇదే తూటాకి పెట్టిన హద్దు 3,900 బార్, అంటే దాదాపు 56,500 పీఎస్ఐ. రెండూ కొలిచే పద్ధతులు వేరు కాబట్టి అంకెని అంకెతో నేరుగా పోల్చలేం. అయినా తేడా చాలా పెద్దది. ఎవరైనా తెలియక .323 తూటాని .318 రైఫిల్లో పెట్టి కాలిస్తే ఏమవుతుందో అన్న ఆలోచనే అమెరికా హద్దు అంత తక్కువగా ఉండటానికి కారణం. రెమింగ్టన్ కంపెనీ 170 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు) బుల్లెట్‌తో అమ్మే ఫ్యాక్టరీ తూటా సెకనుకి 2,360 అడుగుల దగ్గర ఆగిపోవడానికీ కారణం అదే.

కాబట్టి ఏ డేటా చూసినా మొదటి ప్రశ్న: ఇది ఏ హద్దు లోపల తయారైంది? మందు కంపెనీ హాడ్జ్‌డన్ వాళ్లు తమ సైట్‌లో ఉచితంగా ఇచ్చే డేటాలో మోతాదు పక్కనే ప్రెజర్ కూడా వేస్తారు. అందుకే నేను ఎప్పుడూ అక్కడ మొదలుపెట్టమంటాను. ఫిన్లాండ్ మందు కంపెనీ విహ్తావువోరి డేటా యూరప్ హద్దుల ప్రకారం ఉంటుంది. బుల్లెట్ కంపెనీల పుస్తకాల్లో చాలావాటిలో ప్రెజర్ ఉండదు, అవి ఏ రైఫిల్లో పరీక్షించారో ముందు పేజీలో చదవాలి. ఆ పేజీ చదవకుండా అంకెల పట్టికకి వెళ్లొద్దు.

పాత పుస్తకాల్లో ప్రెజర్ సీయూపీల్లో ఉంటుంది, అంటే రాగి ముక్క ఎంత నలిగిందో చూసి కొలిచింది. ఇప్పటి పీఎస్ఐ ఎలక్ట్రానిక్ సెన్సర్‌తో కొలిచింది. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే నమ్మదగిన సూత్రం లేదు. మార్చానని ఎవరైనా చెబితే ఆ లెక్క వదిలేయండి.

నా నియమం: కనీసం మూడు మూలాలు. మందు కంపెనీది ఒకటి, బుల్లెట్ కంపెనీది ఒకటి, మందు గానీ బుల్లెట్లు గానీ అమ్మని లైమన్ లాంటివాళ్ల పుస్తకం ఒకటి. మూడింటిలోనూ అన్నిటికంటే తక్కువ ప్రారంభ మోతాదు ఏదో అదే మీ ప్రారంభ మోతాదు. మీది ఎవరో కోసి, కొత్త చెక్క పిడి బిగించిన పాత సైనిక మౌజర్ అయితే పై హద్దు కూడా సామీదే. జింకకి అంతకు మించి అక్కర్లేదు. ఆధునిక వేట రైఫిలై, యూరప్ ప్రూఫ్ ముద్ర (ప్రెజర్ పరీక్ష నెగ్గిందన్న గుర్తు) ఉంటేనే సీఐపీ హద్దు గురించి ఆలోచించండి.

ఇక మందు పేరు. దీని మీద ఎంత చెప్పినా తక్కువే. హెచ్4895, ఐఎంఆర్ 4895 వేరువేరు మందులు. హెచ్4350, ఐఎంఆర్ 4350, అక్యురేట్ 4350 మూడూ వేరు. అంకె ఒకటే కదా అని ఒకదాని డేటాతో ఇంకోటి పోస్తే మీ చేతిలో ఉన్న తూకానికి అర్థం లేదు. పేరు అక్షరం అక్షరం కలవాలి.

యూరప్ డేటా కొన్నిసార్లు గ్రాముల్లో ఉంటుంది. ఒక గ్రాముకి 15.43 గ్రెయిన్లు. అంటే దగ్గరి పదో వంతు గ్రాముకి సవరించేస్తే ముప్పావు గ్రెయిన్ వరకూ తేడా రావొచ్చు. రెండు దశాంశాలూ ఉంచి, కాగితం మీద రెండుసార్లు లెక్క వేయండి.

మీ బుల్లెట్‌కి డేటా దొరకకపోతే ఏం చేయాలి? అదే రకం నిర్మాణం ఉన్న, అంతకంటే బరువైన బుల్లెట్ ప్రారంభ మోతాదుతో మొదలుపెట్టొచ్చు. తేలిక బుల్లెట్ డేటాని బరువు బుల్లెట్‌కి ఎప్పుడూ వాడొద్దు. బార్న్స్ లాంటి పూర్తి రాగి బుల్లెట్లు ఈ లెక్కలోకి రావు. అదే బరువుకి అవి పొడవెక్కువ, కేస్ లోపల చోటు తినేస్తాయి. వాటికి వాటి డేటానే కావాలి.

కంప్యూటర్ ప్రోగ్రాం చాలదా అని అడుగుతారు. చాలదు. క్విక్‌లోడ్ లాంటివి అంచనా వేస్తాయి. మీ కేస్‌లో ఎంత చోటుందో మీరు కొలిచి చెప్పకపోతే వాటికి తెలియదు. దొరికిన డేటాని సరిచూసుకోవడానికి వాడండి, డేటా పుట్టించడానికి కాదు.

చివరగా, భయపడి మరీ తక్కువ పోయడం కూడా క్షేమం కాదు. నెమ్మదిగా మండే మందుని పెద్ద కేస్‌లో కొంచెమే పోస్తే ప్రెజర్ ఒక్కసారిగా ఎగసిన సందర్భాలు ఉన్నాయి. మెత్తటి లోడ్ కావాలంటే హెచ్4895కి హాడ్జ్‌డన్ స్వయంగా ఇచ్చిన సూచన ఉంది: ఆ మందుకి పుస్తకంలో ఉన్న గరిష్ఠ మోతాదులో 60 శాతం వరకూ దిగొచ్చు. ఆ సూచనని ఇంకో మందుకి అంటించొద్దు.

కేసులు

సైనిక తూటాల కేసులు వాడొద్దు. చాలావాటిలో బెర్డన్ రకం ప్రైమర్ (మందుని అంటించే చిన్న టోపీ) ఉంటుంది, దాన్ని తోసి తీయబోతే డై పిన్ను విరుగుతుంది. కొన్నిటి గోడ మందం కాబట్టి లోపల చోటు తగ్గి, అదే మందుకి ప్రెజర్ ఎక్కువ వస్తుంది. .30-06 కేసుని కోసి 8×57 చేస్తే మెడ మందమయ్యే అవకాశం ఉంది. బుల్లెట్‌ని వదలడానికి మెడకి చోటు లేకపోతే ప్రెజర్ ఎగబాకుతుంది. ప్రివి పార్టిజాన్ కేసులు కొనుక్కోండి, గొడవ ఉండదు.

కాల్చి చూడటం

ప్రారంభ మోతాదుతో కొన్ని తూటాలు నింపి, క్రోనోగ్రాఫ్ మీద కాల్చండి. తర్వాత అర గ్రెయిన్ చొప్పున పెంచుతూ వెళ్లండి. ప్రైమర్ చదునైందా, బోల్ట్ బిగిసిందా అని మాత్రమే చూసే అలవాటు మంచిది కాదు. బోల్ట్ బిగిసేసరికి మీరు 35,000 హద్దుని ఎప్పుడో దాటేసి ఉంటారు. వేగం ఊరికే రాదు. పుస్తకంలో గరిష్ఠ మోతాదుకి ఇచ్చిన వేగం మీకు అంతకంటే తక్కువ మోతాదుతోనే వచ్చేసిందంటే, గరిష్ఠ ప్రెజర్ కూడా వచ్చేసిందనే అర్థం. అక్కడే ఆగాలి. పుస్తకం వాళ్ల బ్యారెల్ పొడవు ఎంతో చూసి పోల్చండి. ఒక్కో అంగుళానికి 25 అడుగుల వరకూ తేడా రావొచ్చు.

నింపిన ప్రతి డబ్బా మీదా మందు పూర్తి పేరు, లాట్ నంబరు, తూకం, బుల్లెట్, కేస్, తూటా మొత్తం పొడవు, డేటా తీసుకున్న పుస్తకం, పేజీ రాయండి. వీటిలో ఏది మారినా, కొత్త మందు డబ్బా లాట్ నంబరు మారినా సరే, మళ్లీ ప్రారంభ మోతాదు దగ్గరికి వెళ్లండి.