తొమ్మిది నిమిషాల ‘ఓషన్స్’ను ఆదివారం ఆరాధనకు సరిపెట్టుకోవడం

మా సంఘంలో ఇంగ్లిషు ఆరాధన మొదలైనప్పుడు యూత్ పిల్లలు ముందుగా పట్టుబట్టింది ‘ఓషన్స్’ అనే ఈ పాట కోసమే. సిడ్నీకి చెందిన ఆరాధన బృందం హిల్‌సాంగ్ యునైటెడ్ 2013లో తెచ్చిన ‘జయాన్’ ఆల్బమ్‌లోది. జయాన్ అంటే మన బైబిల్లో సీయోనే. వాళ్ల ఆల్బమ్‌లు చాలావరకు జనం మధ్య రికార్డు చేసినవి, ఇది మాత్రం స్టూడియోలో పొరమీద పొర వేసి కట్టింది. ఆ సంగతి పట్టించుకోకుండా మొదటి ఆదివారం రికార్డులో ఉన్నంతసేపూ వాయించేశాం. ఆరో నిమిషానికి వెనకవరుస పెద్దమ్మలు ఒక్కొక్కరే కూర్చున్నారు. పాస్టరుగారు నావైపు చూసి వాచీ తట్టారు.

అందుకని వాయించే ముందు వినండి, హెడ్‌ఫోన్స్‌తోనే. ఒకసారి డ్రమ్స్ ఎక్కడ వస్తాయో, ఎక్కడ ఆగుతాయో నిమిషాలు వేసి రాసుకోండి. ఇంకోసారి గొంతు మాత్రమే వినండి. కార్డ్స్ ఆఖర్న చూసుకోవచ్చు, అవి తేలిక.

రికార్డు డి మేజర్‌లో ఉంది. పాడిన టాయా స్మిత్ పాట ముదిరాక పై స్థాయికి వెళ్లిపోతారు. మన సంఘం అక్కడిదాకా వెళ్లలేదు, నోరు మూసుకుని వింటుంది. సి మేజర్‌కి దించండి. కీబోర్డు వాళ్లు ట్రాన్స్‌పోజ్ (స్థాయిని పైకీ కిందికీ జరిపే బటన్) మైనస్ 2 పెట్టుకుంటే చాలు. గిటార్ తమ్ముడికి చరణంలో బి మైనర్ తప్పి ఏ మైనర్, బాస్‌లో బి ఉన్న జి, సి, జి, ఎఫ్ వస్తాయి. ఎఫ్ దగ్గర ఎలాగూ మూలుగుతాడు, మూలగనివ్వండి. పల్లవికి ఎఫ్, సి, జి. బ్రిడ్జికి, అంటే పల్లవి తర్వాత వచ్చే వేరే భాగానికి, ఏ మైనర్, ఎఫ్, సి, జి.

టెంపో నిమిషానికి 66 బీట్ల దగ్గర పెట్టి క్లిక్‌తో (మెట్రోనోమ్ టిక్ టిక్‌తో) సాధన చేయండి. ఇంత నిదానం పాటను పరుగెత్తించకుండా పట్టుకోవడమే అసలు కష్టం. గిటార్‌కి డిలే పెడల్ (వాయించినదాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించేది) ఉంటే 682 మిల్లీసెకన్లు పెట్టండి. 66కి చుక్క ఎనిమిదో స్వరం (డాటెడ్ ఎయిత్, బీట్‌లో ముప్పావు వంతు) అంతే అవుతుంది. ఇక ఇంగ్లిషు వీడియోల్లో ‘ప్యాడ్’ అంటే మన రిథమ్ ప్యాడ్స్ కాదు, వెనకాల సాగుతూ ఉండే స్ట్రింగ్స్‌లాంటి శబ్దం. మావాడు ఒకడు ఆ మాట విని ఆక్టాప్యాడ్ మోసుకొచ్చాడు. కీబోర్డులో పియానోతో స్ట్రింగ్స్ కలిపి, సస్టెయిన్ పెడల్ తొక్కి, కార్డ్ మారినప్పుడు వదిలి మళ్లీ తొక్కితే ఆ పని జరిగిపోతుంది.

డోలక్ వద్దు. డోలక్ తమ్ముడికి కోపం వస్తుంది, వచ్చే పాట అతనిదని ముందే చెప్పండి.

మా వరుస ఇది: చరణం, పల్లవి, రెండో చరణం, పల్లవి, బ్రిడ్జి మూడుసార్లు, చివర ఒక్క పల్లవి. బ్రిడ్జి మొదటిసారి పియానో, గొంతులు మాత్రమే. రెండోసారి కిక్ (కాలితో కొట్టే డ్రమ్), బాస్. మూడోసారి అందరూ. చివరి పల్లవికి వాయిద్యాలు ఆపేసి సంఘాన్ని పాడనివ్వండి. పాట మాటలు గుర్తుచేసేది పేతురు నీళ్లమీద నడిచిన సంగతినే, అది ఉన్న మత్తయి 14వ అధ్యాయం ముందుగా చదివిస్తే భాష రానివాళ్లకూ పాట అందుతుంది. మొత్తం ఐదు నిమిషాలు దాటనివ్వం.

పాట అవగానే ట్రాన్స్‌పోజ్ సున్నాకి తెచ్చారో లేదో చూసుకోండి. నేను ఓసారి మరిచిపోయాను. కానుకల పాట రెండు మెట్లు కింద మొదలై, మగవాళ్ల గొంతులన్నీ గొణుగుడైపోయాయి.