మొదటి కన్సల్టెంట్ ఉద్యోగం: ఎంజి అంకెను కాదు, దాని కింద రాసిన షరతును చదవండి

పీజీ ఫలితాలు వచ్చిన వారంలోనే ఫోన్లు మొదలవుతాయి. "డాక్టర్ గారూ, మా దగ్గర జనరల్ మెడిసిన్‌కి ఖాళీ ఉందండి, ఎంజి రెండున్నర ఇస్తాం, ఎప్పుడు జాయిన్ అవుతారు?" అని అవతలి మనిషి ఒక్క గుక్కలో అడిగేస్తాడు. ఎంజి అంటే మినిమం గ్యారంటీ అనీ, రెండున్నర అంటే నెలకు రెండున్నర లక్షలనీ ఈ వృత్తిలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. మూడేళ్లు స్టైపెండ్‌తో నెట్టుకొచ్చిన వారికి ఆ అంకె వినపడగానే అడగవలసిన ప్రశ్నలన్నీ మరుపున పడతాయి. నాకూ అలాగే జరిగింది. నా మొదటి అగ్రిమెంట్‌ను ఓపీ గది బయట నిలబడి, చివరి పేజీ మాత్రమే తిప్పి సంతకం పెట్టాను. అందులో ఎంజి గురించి ఉన్న ఒకే ఒక్క వాక్యం ఖరీదెంతో ఏడాది చివర లెక్క తేల్చినప్పుడు గాని తెలియలేదు. ఆ ఆసుపత్రి వారు నన్ను మోసం చేశారని అనలేను, ఎందుకంటే వారు రాసుకున్నదాన్నే అమలు చేశారు. తెలంగాణలో గాని, ఆంధ్రప్రదేశ్‌లో గాని ఎండీ, ఎంఎస్ లేదా డీఎన్‌బీ ముగించుకుని ప్రైవేటు ఆసుపత్రిలో మొదటిసారి కన్సల్టెంట్‌గా చేరబోతున్న వారు సంతకానికి ముందు ఏమేమి చూడాలో, ఎలా మాట్లాడాలో ఇక్కడ వివరిస్తాను.

ఎంజి కొన్నిచోట్ల నిజంగానే భరోసా, మరికొన్నిచోట్ల పేరుకు భరోసా, లోపల అప్పు. మీరు చూసిన పేషెంట్ల బిల్లుల్లో మీకు వచ్చే వాటాకూ ఎంజికీ మధ్య లెక్కను నెలనెలా తేలుస్తారా, ఏడాదికి ఒకసారి తేలుస్తారా అన్నదాని మీదే ఈ తేడా ఆధారపడి ఉంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఎంజి 2.5 లక్షలు. కొత్త ఊరు కాబట్టి మొదటి ఆరు నెలలు మీ వాటా నెలకు 1.5 లక్షలు దాటలేదు, పేషెంట్లు అలవాటుపడ్డాక తరువాతి ఆరు నెలలు 3.5 లక్షలకు చేరింది. నెలనెలా "ఏది ఎక్కువైతే అది" అన్న పద్ధతి ఉంటే మొదటి ఆరు నెలలకు 15 లక్షలు, తరువాతి ఆరు నెలలకు 21 లక్షలు, మొత్తం 36 లక్షలు చేతికి వస్తాయి. అదే లెక్కను ఏడాది మొత్తం మీద తేలిస్తే మీ వాటా 30 లక్షలు, ఎంజి కూడా 30 లక్షలే కాబట్టి మీకు వచ్చేది 30 లక్షలే. కష్టపడి ప్రాక్టీసు పెంచుకున్నాక వచ్చిన 6 లక్షలు తొలి నెలల లోటుకు జమ అయిపోయాయి. అగ్రిమెంట్‌లో "అడ్జస్టబుల్" అనో, "క్యారీ ఫార్వర్డ్" అనో కనిపిస్తే ఇదే దాని అర్థం. నా దృష్టిలో ఎంజిని మరో పాతికవేలు పెంచమని పట్టుబట్టడం కన్నా ఈ ఒక్క మాటను కొట్టివేయించుకోవడం మేలు.

ఎంజి ఎన్ని నెలలు ఉంటుందో, ఆ గడువు తీరాక ఏమవుతుందో కూడా రాసి ఉండాలి. గడువు తరువాత కేవలం వాటాతోనే బతకవలసి వస్తే ఆ విభాగంలో ఇప్పుడు రోజుకు ఎంతమంది ఓపీ చూస్తున్నారో తెలియకుండా చేరడం చీకట్లో బాణం వేయడమే. ఓపీ ఫీజు 500, మీ వాటా 75 శాతం, రోజుకు 12 మంది, నెలకు 25 రోజులు అనుకుంటే వచ్చేది 1,12,500 రూపాయలు. ఎంజిగా వచ్చిన 2.5 లక్షలకు తగ్గకూడదంటే మిగిలిన 1,37,500 ఐపీ విజిట్ల నుంచి, అంటే ఆసుపత్రిలో చేరిన పేషెంట్లను చూసినందుకు రావాలి. వార్డులో సగటున ఎంతమంది ఉంటారో హెచ్ఆర్ చెప్పే మాట మీద ఆధారపడకుండా, సాయంత్రం ఆరు గంటలకు ఒకసారి వెళ్లి వార్డులు చూసి, ఇంతకుముందు ఆ కుర్చీలో కూర్చుని వెళ్లిపోయిన డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన ఎందుకు వెళ్లారో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దొరికినట్టే. హైదరాబాద్‌లో కన్నా ఖమ్మంలోనో, ఒంగోలులోనో ఎక్కువ ఎంజి ఇస్తామంటే ఆశ్చర్యపోవలసింది లేదు. అక్కడ స్పెషలిస్టులు తక్కువ, రాత్రి కాల్స్ ఎక్కువ.

వాటా శాతం ఎంతో అందరూ అడుగుతారు, ఆ శాతం దేని మీద అన్నది మాత్రం అడగరు. వేసిన బిల్లు మీదా, ఆసుపత్రికి నిజంగా వసూలైన సొమ్ము మీదా? క్యాష్ పేషెంట్ల విషయంలో ఈ తేడా పెద్దగా కనిపించదు. బీమా కేసుల్లో టీపీఏ, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ, కోతలు పెడుతుంది, ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) కేసుల్లో ప్యాకేజీ ముందే ఖరారై ఉంటుంది, ఆ సొమ్ము ప్రభుత్వం నుంచి రావడానికి నెలల తరబడి పట్టవచ్చు. "రియలైజేషన్ తరువాత" అని రాసి ఉంటే ఆ ఆలస్యమంతా మీ నెత్తిన పడుతుంది, మీరు మానేసి వెళ్లిపోతే ఆ బకాయి సంగతి ఎవరికీ పట్టదు. కాబట్టి ప్యాకేజీ కేసులకు ఒక్కో కేసుకు ఇంత అని స్థిరమైన మొత్తం అడగండి, అది కుదరకపోతే డిశ్చార్జి అయిన నాటి నుంచి గరిష్ఠంగా 90 రోజుల్లో చెల్లించాలని రాయించుకోండి. యాజమాన్యం తన బంధువులకు ఇచ్చే డిస్కౌంటు మీ వాటాలోంచి పోకూడదని కూడా ఒక వాక్యం ఉండాలి. చేరిన తరువాత, ప్రతి ఐపీ నంబరునూ ఎన్ని విజిట్లు చూశారో సహా చిన్న నోటుబుక్కులో రాసుకోండి. నెలాఖరున అకౌంట్స్ వారు ఇచ్చే స్టేట్‌మెంట్‌ను దాని పక్కన పెట్టి చూస్తే రెండూ కలవని నెలలే నాకు ఎక్కువగా కనిపించాయి.

ఇక మీరు ఉద్యోగా, కన్సల్టెంటా అన్న ప్రశ్న. జీతమైతే పీఎఫ్ వంటివి ఉంటాయి, పన్నును శ్లాబుల ప్రకారం కోస్తారు. కన్సల్టెంట్ ఫీజు అయితే 10 శాతం టీడీఎస్ కోసి మిగతాది ఇస్తారు. 1961 నాటి చట్టంలో 44ఏడీఏ సెక్షన్‌గా ఆడిటర్లందరి నోటా నలిగిన పద్ధతి ప్రకారం, ఏడాది వృత్తి ఆదాయం 50 లక్షల లోపు, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు ఉన్నవారు, అందులో సగాన్నే ఆదాయంగా చూపి పన్ను కట్టవచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం కింద సెక్షన్ నంబర్లు మారాయి గాని పద్ధతి కొనసాగుతోంది. ఏడాదికి 30 లక్షలు వచ్చే వ్యక్తికి 2025-26 కొత్త విధానం శ్లాబులతో లెక్కేస్తే, జీతంగా అయితే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను పన్ను, సెస్ కలిపి 4,75,800 రూపాయలు అవుతుంది. వృత్తి ఆదాయంగా సగం చూపితే 1,09,200 అవుతుంది. అందుకే చాలామంది కళ్లు మూసుకుని కన్సల్టెన్సీనే కోరుకుంటారు. కానీ అగ్రిమెంట్‌లో పేరుకు కన్సల్టెంట్ అని రాసి, పనివేళలు, సెలవులు, హాజరు అన్నీ ఉద్యోగిలాగే ఉంటే పన్ను శాఖ దాన్ని జీతమే అనవచ్చు. ఇలాంటి వివాదాలు కోర్టుల దాకా వెళ్లాయి. మహిళా డాక్టర్లు మరొక సంగతి కూడా గమనించాలి. ఉద్యోగికి చట్టం ప్రకారం 26 వారాల వరకు వేతనంతో కూడిన ప్రసూతి సెలవు హక్కుగా ఉంటుంది, కన్సల్టెంట్‌కు అగ్రిమెంట్‌లో రాసుకున్నదే ఉంటుంది. ఆ ఆరు నెలలు ఎంజి గడువులోంచి తరిగిపోకుండా ఆగి, తిరిగి చేరాక కొనసాగాలని అడగడంలో మొహమాటం అనవసరం.

డ్యూటీ గురించి "వారానికి ఆరు రోజులు, ఎమర్జెన్సీ ఉంటే కాల్" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకోవద్దు. ఆ విభాగంలో మీరొక్కరే అయితే కాల్ ఎప్పుడూ మీదే అవుతుంది. ఎన్ని రాత్రులకు ఒకసారి కాల్, సెలవు పెడితే ఎవరు చూస్తారు, సెలవు రోజుకు ఎంజిలో ఎంత కోస్తారు అన్నవి స్పష్టంగా ఉండాలి. వీటన్నిటి కన్నా నేను ముందు అడిగేది రాత్రి ఐసీయూలో డ్యూటీ డాక్టర్ ఎవరన్నది. ఎంబీబీఎస్ చేసినవారు ఉన్నారా, లేక ఇతర వైద్య విధానాల వారితో నడిపిస్తున్నారా? తెల్లవారుజామున మూడు గంటలకు ఫోన్లో చెప్పిన మందును అటువైపు ఎవరు రాస్తున్నారో తెలియకపోతే, కేసు షీటు మీద ఉన్నది మీ పేరే కాబట్టి రేపు సంజాయిషీ మీరే చెప్పుకోవలసి వస్తుంది.

ఆ మాట మీదే ఇండెమ్నిటీ బీమా, అంటే చికిత్సలో పొరపాటు జరిగిందని పేషెంట్లు కేసు వేస్తే డాక్టరును ఆదుకునే బీమా విషయం వస్తుంది. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవలను వినియోగదారుల చట్టం పరిధిలోకి తెచ్చినప్పటి నుంచి ఇది ఎవరికీ తప్పని ఖర్చు. "మా ఆసుపత్రికి పాలసీ ఉంది సార్" అని హెచ్ఆర్ వారు అంటారు, అది నిజమే కావచ్చు. కానీ ఈ పాలసీలు సాధారణంగా ఫిర్యాదు వచ్చిన రోజున అమల్లో ఉంటేనే పనికొస్తాయి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. మీరు ఈ ఆసుపత్రి మానేసిన ఏడాదికి నోటీసు వస్తే వారి పాలసీ మిమ్మల్ని కాపాడుతుందన్న హామీ లేదు. సొంత పాలసీని చేరిన రోజు నుంచే తీసుకుని, ఏటా విరామం లేకుండా రెన్యూ చేయండి, మధ్యలో కంపెనీ మార్చినా పాత ప్రారంభ తేదీని కొనసాగించమనండి. ప్రీమియం ఆసుపత్రి భరించమని అడగవచ్చు, చాలాసార్లు ఒప్పుకుంటారు. మానేశాక కూడా మీరు చూసిన కేసుల కేసు షీట్ల నకళ్లు అడిగితే ఇవ్వాలన్న వాక్యం ఒకటి చేర్పించండి.

మానేసేటప్పటి షరతుల విషయంలో కొత్తవారు అనవసరంగా భయపడేది ఒకటైతే, భయపడవలసింది మరొకటి. "మానేసిన రెండేళ్ల వరకు పది కిలోమీటర్ల లోపల ప్రాక్టీసు చేయరాదు" అన్న వాక్యం చూసి చాలామంది హడలిపోతారు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఒక వ్యక్తిని చట్టబద్ధమైన వృత్తి చేసుకోకుండా అడ్డగించే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. మన కోర్టులు, ఒప్పందం నడుస్తున్న కాలంలో ఆంక్షను ఒప్పుకున్నా, అది ముగిశాక కొనసాగే ఆంక్షను సాధారణంగా ఒప్పుకోలేదు. అయినా లీగల్ నోటీసు రావడమే ఒక తలనొప్పి కాబట్టి ఆ వాక్యం తీసేయమని అడగండి. నిజంగా భయపడవలసింది బాండ్ గురించి. గడువుకు ముందే మానేస్తే ఇంత సొమ్ము కట్టాలన్న షరతు చెల్లదని ధీమాగా ఉండడానికి వీల్లేదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగి కేసులో, మూడేళ్లకు ముందే మానేసినందుకు 2 లక్షల బాండ్‌ను సమర్థించింది. కాబట్టి బాండ్ మొత్తం, గడువు, నోటీసు కాలం మీరు భరించగలిగేంత ఉన్నాయా అని చూడండి. నోటీసు ఇరువైపులా సమానంగా ఉండాలి. మీరు మూడు నెలల ముందు చెప్పాలి, వారు మాత్రం మర్నాడే పొమ్మనవచ్చు అన్న ఏర్పాటు ఒప్పుకోవద్దు.

అడ్మిషన్లకు గాని, టెస్టులకు గాని నెలసరి లక్ష్యాలు, పంపిన వారికి కమిషన్లు అన్న మాట వస్తే బేరం అక్కడితో ఆపేయండి. 2002 నాటి వృత్తి నియమావళి రెఫరల్ కమిషన్లను నిషేధించింది, రిజిస్ట్రేషన్ పోయేది మీదే.

మాట్లాడేటప్పుడు అడిగేవి మూడింటికి మించకుండా, ముఖ్యమైనది ముందు పెట్టండి. సాధారణంగా హెచ్ఆర్ మేనేజరు, "ఇది మా స్టాండర్డ్ ఫార్మాట్ మేడమ్, అందరికీ ఒకటే, మార్చడం కుదరదండి" అంటారు. దానికి వాదన అక్కర్లేదు. "ఫార్మాట్ అలాగే ఉండనివ్వండి, ఎంజి నెలనెలా లెక్క తేలుస్తామని, ప్యాకేజీ కేసులు 90 రోజుల్లో ఇస్తామని ఒక అనెక్జర్‌లో (అనుబంధ పత్రంలో) రాసి యూనిట్ హెడ్ గారితో సంతకం పెట్టించండి" అనండి. నిజంగా ఇవ్వదలచుకున్న వారికి ఈ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నోటిమాటగా ఒప్పుకున్న ప్రతిదాన్నీ అదే రోజు సాయంత్రం, "ఈ ఉదయం మనం అనుకున్న ప్రకారం" అని మొదలుపెట్టి మెయిల్ పంపండి. చేతిలో రెండో ఆఫర్ ఉంటే దాన్ని ప్రస్తావించవచ్చు, లేనిది ఉన్నట్టు చెప్పవద్దు. ఊళ్లో ఆసుపత్రుల వారందరూ ఒకరికొకరు తెలిసినవారే. టీచింగ్ వైపు వెళ్లాలన్న ఆలోచన ఉంటే, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు సాధారణంగా పీజీ తరువాత మెడికల్ కాలేజీలో ఏడాది సీనియర్ రెసిడెన్సీ కావాలని గుర్తుంచుకుని, ఆ తరువాతే ఎంజి గురించి ఆలోచించండి.

చేరే రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, ఇచ్చి రావద్దు. జిరాక్సుల మీద "ఫలానా ఆసుపత్రిలో చేరిక కోసం మాత్రమే" అని అడ్డంగా రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. ఆరోగ్యశ్రీ ఎంప్యానెల్‌మెంటులోనూ (ఆ పథకం కింద ఆసుపత్రి నమోదులోనూ), స్కానింగు చేసేవారైతే గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింది రిజిస్ట్రేషన్‌లోనూ మీ పేరు, కౌన్సిల్ నంబరు చేరతాయి. మానేసిన రోజున ఆ రెండు చోట్లా మీ పేరు తీసేయమని ఆసుపత్రికీ, సంబంధిత జిల్లా అధికారులకూ లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలును ఈ అగ్రిమెంట్‌తో పాటు అదే ఫైలులో పెట్టుకోండి.