కీబోర్డు వైరు మీదే బార్‌కోడ్ స్కానర్

కిరాణా, మందుల షాపుల్లో బిల్లింగ్ కంప్యూటర్లు బిగించడం నా పని. పాత మెషీన్లలో ఇప్పటికీ గుండ్రటి పిన్నున్న పీఎస్/2 కీబోర్డే కనిపిస్తుంది. దానికి స్కానర్ కలపాలంటే వేరే పోర్టు, డ్రైవరు అక్కర్లేదు. కీబోర్డుకూ కంప్యూటర్‌కూ మధ్యలో దూరే, రెండుగా చీలిన వెడ్జ్ కేబులున్న స్కానర్ చాలు.

ముందు కంప్యూటర్ పూర్తిగా ఆపండి. ఆన్‌లో ఉండగానే పీకి పెట్టడానికి చేసిన పోర్టు కాదిది. మదర్‌బోర్డు మీద పోర్టే పోవచ్చు. ఊదారంగు పోర్టులోంచి కీబోర్డు పిన్ను తీసి, అక్కడ కేబుల్ మేల్ పిన్ను పెట్టండి. కీబోర్డును కేబుల్ ఫీమేల్ సాకెట్‌కు తగిలించండి. ఆరు పిన్నులూ సన్నవి, తిప్పుతూ నెడితే వంగిపోతాయి.

ఆన్ చేసి, నోట్‌ప్యాడ్ తెరిచి ఓ సబ్బు పెట్టె స్కాన్ చేయండి. చేత్తో కొట్టినట్టే 13 అంకెలు పడతాయి. మన దేశంలో నమోదైన కోడ్ అయితే మొదట 890 ఉంటుంది. కర్సర్ కింది లైనుకు దిగకపోతే, మాన్యువల్లో ఎంటర్ సఫిక్స్ (ప్రతి స్కాన్ చివర స్కానరే ఎంటర్ కొట్టే సెట్టింగు) అనే బార్‌కోడ్ వెతికి స్కాన్ చేయండి. ఈ పని వదిలేస్తే సాయంత్రం రద్దీలో ప్రతి వస్తువుకీ ఎంటర్ కొట్టలేక చస్తారు.

కోడ్‌లో అక్షరాలుంటే క్యాప్స్ లాక్ చూసుకోండి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉన్నా గందరగోళమే. ఇంకోటి, స్కానర్‌కు ఏ గడి ఏమిటో తెలియదు. కర్సర్ ధర గడిలో ఉందా, సబ్బు ధర లక్షల కోట్లకు పోతుంది!

యూఎస్‌బీ స్కానరైతే కేబుల్ గొడవే లేదు, ఆన్‌లో ఉండగానే గుచ్చేయొచ్చు. మిగతాదంతా ఇంతే.