ఏహెచ్‌యూ ఫిల్టర్ల సంరక్షణ: గేజ్ చూసి మార్చడం, సందు లేకుండా బిగించడం

హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల అద్దాల కార్యాలయ భవనాల్లో చాలావాటికి తెరుచుకునే కిటికీలు ఉండవు. లోపల పనిచేసేవారు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేదాకా పీల్చే గాలి ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ మీదుగానే వస్తుంది. భవన నిర్వహణలో ఉన్నవారంతా దీన్ని ఏహెచ్‌యూ అనే అంటారు. ఆ గదిలో పనిచేసే టెక్నీషియన్లకు, సూపర్‌వైజర్లకు, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) వారి పనిని సరిచూసుకోవలసిన ఫెసిలిటీ మేనేజర్లకు ఉపయోగపడాలని ఈ వివరాలు రాస్తున్నాను. ఫిల్టర్ ఎంత ఖరీదైనదన్న దానికంటే, దాన్ని ఎప్పుడు మార్చాం, చట్రంలో ఎంత బిగువుగా కూర్చోబెట్టాం అన్నవే లోపలి గాలి నాణ్యతను నిర్ణయిస్తాయని నా నమ్మకం. అందుకే ఆ రెండింటికీ ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

హాలులోంచి తిరిగివచ్చే రిటర్న్ ఎయిర్, బయటినుంచి తీసుకునే ఫ్రెష్ ఎయిర్ కలిసి ముందుగా ప్రీ ఫిల్టర్‌ను, తరువాత ఫైన్ ఫిల్టర్‌ను, ఆపై చల్లటి నీరు ప్రవహించే కాయిల్‌ను దాటి, బ్లోయర్ అనే పెద్ద ఫ్యాన్ ద్వారా డక్ట్‌లలోకి, అంటే గాలి గొట్టాల్లోకి వెళతాయి. ప్రీ ఫిల్టర్ సాధారణంగా జీ4 రకం. ఇది నూలుపోగులను, వెంట్రుకలను, ముతక దుమ్మును ఆపుతుంది. ఫైన్ ఫిల్టర్ వడపోత స్థాయి పాత యూరోపియన్ పద్ధతిలో ఎఫ్7, అమెరికన్ పద్ధతిలో సుమారుగా మెర్వ్ 13. పీఎం 2.5 అని మనం వార్తల్లో వినే సన్నటి కణాల్లో చాలా భాగాన్ని పట్టేది ఇదే. 2016లో వచ్చిన ఐఎస్ఓ 16890 ప్రమాణం తరువాత కంపెనీలు ఈపీఎం1, ఈపీఎం2.5 వంటి పేర్లతో, ఆ పరిమాణం వరకు ఉన్న కణాల్లో ఎంత భాగాన్ని పడుతుందో చెప్పే శాతాలు ముద్రిస్తున్నాయి కాబట్టి, కొత్త సరుకు వచ్చినప్పుడు పాత ఫిల్టర్ స్థాయికి అది సరిపోతుందో లేదో లేబుల్ చూసి నిర్ధారించుకోవాలి.

ఫిల్టర్ మార్చే సమయాన్ని నల్లబడిన రంగును బట్టి నిర్ణయించకూడదు. నల్లగా కనిపించే ఫిల్టర్ ఇంకా కొన్ని వారాలు పనిచేయవచ్చు, తెల్లగా ఉన్నది ఎక్కడో చిరిగి ఉండవచ్చు. నమ్మదగినది ఫిల్టర్‌కు ముందు, వెనుక ఉన్న పీడనాల తేడా. దాన్ని చూపేందుకు ఏహెచ్‌యూ పక్కన గుండ్రటి మ్యాగ్నహెలిక్ గేజ్ ఉంటుంది. చదివే ముందు రెండు విషయాలు చూడాలి. బ్లోయర్ ఆగి ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద నిలవాలి. రెండు సన్నటి ట్యూబులూ ఊడిపోకుండా, మడత పడకుండా, లోపల నీటి చుక్కలు లేకుండా ఉండాలి. కొత్త ఫిల్టర్ బిగించిన రోజునే మొదటి రీడింగ్ తీసుకుని, గేజ్ పక్కన స్టిక్కర్ మీద రాసిపెట్టాలి. ఆ అంకె లేకపోతే తరువాత వచ్చే ఏ రీడింగ్‌కూ అర్థం ఉండదు. ఎఫ్7 ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పుడు సుమారు 100 పాస్కల్స్ చూపితే, 200 నుంచి 250 మధ్యకు చేరేసరికి మార్చడం వాడుకలో ఉన్న పద్ధతి. తయారీదారు షీటులో వేరే హద్దు ఉంటే దాన్నే పాటించాలి. గేజ్ మీద అంకెలు అంగుళాల్లో ఉంటే, ఒక అంగుళం నీటి పీడనం దాదాపు 249 పాస్కల్స్‌కు సమానం.

బ్లోయర్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పరికరం ఉన్న యూనిట్లలో ఇంకో జాగ్రత్త అవసరం. వేగం తగ్గితే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే ఫిల్టర్ మీద పీడనం తేడా కూడా తగ్గుతుంది. ఆదివారం తక్కువ వేగంతో, 30 హెర్ట్జ్ మీద నడుస్తున్నప్పుడు తీసుకున్న రీడింగ్ చూసి ఫిల్టర్ బాగానే ఉందనుకుంటే పొరపాటు. ప్రతిసారీ ఒకే వేగం దగ్గర, ఆ వేగాన్ని కూడా పక్కనే రాస్తూ, రీడింగ్ నమోదు చేయాలి. నెలనెలా పెరుగుతూ వచ్చిన అంకె, వేగం మారకుండానే ఒక్కసారిగా పడిపోయిందంటే ఫిల్టర్ చిరిగిందనో, చట్రం నుంచి జారిందనో భావించి వెంటనే తలుపు తీసి చూడాలి.

మార్చే పనిని బ్లోయర్ ఆపడంతో ప్రారంభించాలి. కంట్రోల్ రూమ్ నుంచి ఆపితే చాలదు. యూనిట్ దగ్గరి ఐసొలేటర్‌ను (కరెంటును పూర్తిగా తెంచే స్విచ్‌ను) ఆఫ్ చేసి, తాళం వేసి, ట్యాగ్ తగిలించి, బ్లోయర్ తిరగడం పూర్తిగా ఆగిన తరువాతే తలుపు తెరవాలి. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. పాత ఫిల్టర్‌ను దులపకుండా, గోడకు తట్టకుండా మెల్లగా లాగి, అక్కడికక్కడే పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టేయాలి. లిఫ్టులో అలాగే మోసుకుపోతే ఇన్నాళ్లూ పట్టి ఉంచిన దుమ్మంతా మళ్లీ అందరి ముక్కుల్లోకే వెళుతుంది. తరువాత ఖాళీ చట్రాన్ని వాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేసి, గ్యాస్కెట్ (సందు మూసే మెత్తటి పట్టీ) అంతటా వేలు పోనిచ్చి చూడాలి. ఎండి పెళుసుబారిన చోట, మూలల్లో ఊడిన చోట దాన్ని తీసేసి కొత్తది అంటించాలి.

కొత్త ఫిల్టర్ మీది బాణం గుర్తు గాలి వెళ్లే దిశనే చూపాలి. బ్యాగ్ ఫిల్టర్ అయితే సంచులు నిలువుగా ఉండాలి. అడ్డంగా పెడితే అవి ఒకదానిమీద ఒకటి వాలి సగం విస్తీర్ణం వృథా అవుతుంది. నాలుగు వైపులా ఉన్న క్లిప్పులన్నీ బిగించాలి. రెండు పోయాయి కదా, మిగతావి పట్టుకుంటాయిలే అని వదిలేయడం నేను తరచుగా చూసే లోపం. బిగించిన తరువాత, ఐసొలేటర్ తాళం తీయకముందే, ఫిల్టర్ వరుసకు ఒక వైపు టార్చి వెలిగించి రెండో వైపునుంచి చూస్తే సందులు సన్నటి వెలుగుగీతలుగా కనిపిస్తాయి. వాటిని జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకు పట్టీతోనూ గ్యాస్కెట్‌తోనూ మూయాలి. థర్మాకోల్ ముక్కలు, ప్యాకింగ్ టేపు తేమకు నిలవవు. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది కనుక, ఫిల్టర్ నిండుతున్నకొద్దీ ఆ సందుల్లోంచి వెళ్లే గాలి పెరుగుతూ పోతుంది. ఫిల్టర్ వెనుక రేకు మీద, సందు ఎదురుగా, బూడిదరంగు చారలు ఈనెల్లా పరుచుకుని ఉంటే అవి దుమ్ము ఏ దారిన తప్పించుకుందో చెప్పే గుర్తులు.

ప్రీ ఫిల్టర్‌ను కడగవచ్చు, ఫైన్ ఫిల్టర్‌ను కడగకూడదు. ప్రీ ఫిల్టర్‌ను శుభ్రంగా ఉన్న వైపునుంచి, అంటే గాలి వెళ్లే దిశకు ఎదురుగా, మామూలు పైపు నీటితో కడగాలి. ప్రెషర్ జెట్ కొడితే పోగులు విడిపోయి రంధ్రాలు పడతాయి. నీడలో పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి పెట్టాలి, తడిగా పెడితే దుమ్ము బురదై అంటుకుంటుంది, బూజు కూడా పడుతుంది. అందువల్ల ప్రతి యూనిట్‌కు రెండో సెట్ ఉంచుకుని మార్చిమార్చి వాడటం ఉత్తమం. పక్కన నిర్మాణం జరుగుతున్నా, ఏప్రిల్, మే గాడ్పుల్లోనూ వారానికోసారి కడగవలసి రావచ్చు. వర్షాకాలంలో అంత అవసరం ఉండదు. ఫైన్ ఫిల్టర్ గేజ్ హద్దుకు దగ్గరగా ఉన్నట్లయితే, వర్షాలు వెనుకబట్టిన అక్టోబరులో మార్చమని నేను సూచిస్తాను. తేమ పీల్చిన దుమ్మును శీతాకాలం దాకా మోయకూడదు, పైగా సన్నటి కణాలు గాలిలో పెరిగే నెలలు ఆ తరువాతే వస్తాయి. గేజ్ హద్దు దాటకపోయినా ఫైన్ ఫిల్టర్‌ను ఏడాదికి మించి ఉంచకపోవడమే మేలు.

ఫిల్టర్ ఎంత మంచిదైనా మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టలేదు. దానికి ఫ్రెష్ ఎయిర్ ఒక్కటే మార్గం. కరెంటు బిల్లు తగ్గుతుందని ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్‌ను (గాలిని పెంచి తగ్గించే రెక్కల తలుపును) మూసేసి, ఆ సంగతే మరిచిపోయిన భవనాలు ఎన్నో ఉన్నాయి. డ్యాంపర్ హ్యాండిల్ తిరిగితే లోపలి రెక్కలు కూడా తిరుగుతున్నాయో లేదో కళ్లతో చూడాలి. అమెరికా ఇంజినీర్ల సంఘం ఆష్రే ఇచ్చిన 62.1 ప్రమాణం ప్రకారం కార్యాలయంలో మనిషికి 5 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), దానికి తోడు ప్రతి చదరపు అడుగుకు 0.06 సీఎఫ్ఎం బయటి గాలి కనీసంగా అందాలి. 10,000 చదరపు అడుగుల్లో 100 మంది కూర్చునే అంతస్తుకు ఇది 500, 600 కలిపి 1,100 సీఎఫ్ఎం అవుతుంది. డిజైన్ డ్రాయింగ్‌లో ఇంతకంటే ఎక్కువ రాసి ఉంటే ఆ లెక్కనే తీసుకోవాలి. గాలి వేగాన్ని కొలిచే అనెమోమీటర్ లేనివారు కనీసం ఒక కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొని, మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో, నిండుగా ఉన్న మీటింగ్ గదిలో చూడాలి. బయట 420 పీపీఎం (పది లక్షల్లో వంతులు) పైచిలుకు ఉండే వాయువు లోపల 1,000 దాటి నిలబడుతుంటే గాలి చాలడం లేదన్నమాట. బయటి గాలి తీసుకునే లూవర్ (వాలు పట్టీల కిటికీ) దగ్గర డీజిల్ జనరేటర్ పొగ గొట్టం గానీ, పావురాల గూళ్లు గానీ ఉండకూడదు. జాలీ మీద పేరుకున్న ఈకలను, రెట్టలను మాస్కు పెట్టుకుని, ముందుగా తడిపి తీయాలి.

కాయిల్‌ను ఏటా ఒకసారైనా, రెక్కల వరుస దిశలోనే మెత్తటి బ్రష్‌తో, వాక్యూమ్‌తో, అవసరమైతే ఆమ్లం లేని కాయిల్ క్లీనర్‌తో శుభ్రం చేయాలి. విశాఖపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి అల్యూమినియం రెక్కలను తినేస్తుంది కాబట్టి, అక్కడ మంచినీటితో మరింత తరచుగా కడగాలి. కాయిల్ కింది డ్రెయిన్ ట్రేలో నీరు నిలుస్తుంటే ముందుగా యూ ట్రాప్‌ను, అంటే డ్రెయిన్ పైపులో ఎప్పుడూ నీరు నిలిచి ఉండవలసిన యూ ఆకారపు వంపును, అనుమానించాలి. బ్లోయర్ కాయిల్ తరువాత ఉండే యూనిట్లలో ట్రే ఉన్న గది బయటి గాలిని లోపలికి లాగుతుంది. ట్రాప్‌లో నీరు లేకపోతే ఆ లాగుడుకు డ్రెయిన్ పైపులోంచి గాలి ఎదురొచ్చి నీటిని బయటికి పోనివ్వదు, మురుగు వాసన కూడా హాలులోకి చేరుతుంది. చలికాలంలో తేమ తక్కువై ట్రాప్ ఎండిపోతుంది, అప్పుడు ఒక చెంబెడు నీళ్లు పోస్తే సరిపోతుంది.

బ్లోయర్‌ను తిప్పే బెల్టులు జతగా ఉన్నప్పుడు ఒకటి తెగినా అన్నింటినీ కలిపి మార్చాలి. బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ జాలీకి పలుచటి కాగితం ఆనిస్తే అది అంటుకుని నిలవాలి, అప్పుడే అది గాలిని లాగుతున్నట్టు. క్యాంటీన్ చిమ్నీలో జిడ్డు పట్టే బ్యాఫిల్ ఫిల్టర్లను మాత్రం ఏ వారమూ శుభ్రం చేయకుండా వదలకూడదు, డక్ట్‌లో పేరుకున్న నూనె అగ్నిప్రమాదానికి కారణమవుతుంది.

గాలి ఇంకా శుభ్రంగా కావాలని ఎఫ్7 స్థానంలో ఎఫ్9 పెట్టాలనుకునేవారు ముందుగా బ్లోయర్ ఆ అదనపు పీడనాన్ని తట్టుకోగలదో లేదో లెక్క చూపించమని హెచ్‌వీఏసీ (ఎయిర్ కండిషనింగ్, గాలి సరఫరా) ఇంజినీర్‌ను అడగాలి. లేకపోతే గాలి తగ్గి, చివరి డెస్కుల దగ్గర ఉక్క మొదలవుతుంది. ప్రతి యూనిట్‌కూ లాగ్ బుక్‌లో తేదీ, వేగం, రెండు ఫిల్టర్ల రీడింగులు, చేసిన పని, చేసినవారి సంతకం ఉండాలి. కొత్త ఫిల్టర్లను డబ్బాల్లోనే, నిలువుగా, తేమలేని గదిలో ఉంచాలి. వాటిని ఏహెచ్‌యూ గదిలో నేల మీద పేర్చడం, పైన నిచ్చెనలు పెట్టడం వల్ల చట్రం వంగిపోతుంది. వంగిన చట్రాన్ని తిరిగి సరిచేసి వాడకుండా సరఫరాదారుకే తిప్పి పంపాలి.